ఇంటి షెడ్డులో లేత్‌కి 3,000 లోపు కూలెంట్ ఏర్పాటు: పంపు, ట్యాంకు, ఉప్పు నీళ్ళ సంగతి

పాలకొల్లు_షెడ్:

అందరికీ నమస్కారమండి. పాలకొల్లు దగ్గర పల్లెటూళ్ళో ఇంటి వెనక షెడ్డులో నాలుగున్నర అడుగుల బెల్టు లేత్ ఉంది, 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. ఎక్కువగా వచ్చే పని రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్ల షాఫ్టులు (ఎస్ఎస్ 304 స్టెయిన్‌లెస్ స్టీలు, 25 నుంచి 30 మి.మీ.), ఇంజను పంపుల షాఫ్టులు (ఈఎన్ 8 కార్బన్ ఉక్కు), అప్పుడప్పుడు గన్‌మెటల్ బుష్‌లు. ప్రస్తుతం బ్రష్‌తో నూనె రాస్తూ నడుస్తోంది. స్టెయిన్‌లెస్ మీద హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ మొన తొందరగా కాలిపోతోంది. 12 మి.మీ. డ్రిల్లు లోపలికి వెళ్ళేకొద్దీ బిగుసుకుంటోంది.

కూలెంట్ (కోసేచోట పారించి చల్లబరిచే నూనె నీళ్ళు) పారించే కంపెనీ సెట్టు కొనే పరిస్థితి లేదు. అన్నీ కలిపి 3,000 లోపు అవ్వాలి. ఏ పంపు పెట్టాలి? ట్యాంకు ఎంతది కావాలి? లేత్ కింద ట్రే లేదు, దేంతో చేయించాలి? మా బోరు నీళ్ళు ఉప్పన, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల) మీటరు 2,100 చూపిస్తోంది. వాటితో కలిపితే ఏమవుతుంది? నెల తిరక్కుండా కంపు కొడుతుందని కూడా అంటున్నారు. తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి.

తణుకు_టర్నర్:

మీ పనికి ఆ డబ్బు సరిపోద్దండి. పంపు గురించి తర్వాత చూద్దాం. టూల్ మీంచి జారిన కూలెంట్ మళ్ళీ ట్యాంకులోకి ఏ దారిన వస్తుందో ముందు కాగితం మీద గీసుకోండి. ఇంట్లో కట్టుకున్న సెట్లు ఎక్కువగా చెడేది అక్కడే. చిప్స్ (కోతలో రాలే లోహం తునకలు) అడ్డంపడి ట్రే పొంగిపోద్ది, లేదంటే ఇనప రజను నేరుగా పంపులోకి పోయి అది పట్టేస్తుంది.

ట్రేకి 18 గేజి ఎంఎస్ (మామూలు ఉక్కు) షీటు నాలుగడుగులు బై రెండడుగులు తీసుకోండి. ఇంచుమించు 7 కిలోలు తూగుతుంది. చుట్టూ 5 సెం.మీ. అంచు మడిపించి మూలలు వెల్డింగ్ చేయించండి. జీఐ షీటు వద్దు. దాని జింకు పూతని కూలెంట్ మెల్లగా తినేస్తుంది, ఆ జింకు కలిసి కూలెంట్ కూడా పాడవుద్ది. మామూలు ఎనామెల్ పెయింటు నిలవదు, కొన్నాళ్ళకి మెత్తబడి పొరలుగా లేస్తుంది. రెండు డబ్బాలు కలిపి వాడే రకం ఎపాక్సీ ప్రైమరు, దాని మీద ఎపాక్సీ పెయింటు వెయ్యండి. ట్రేని టెయిల్‌స్టాక్ వైపుకి (పని ముక్కని పట్టి తిప్పే చక్‌కి ఎదురు కొసకి) వాలుగా బిగించండి, అడుగున్నరకి 1 సెం.మీ. వాలు తగ్గకూడదు. చక్ వైపు వాలు పెడితే చిప్స్ పడే చోటే డ్రెయిను ఉంటుంది, గంటకోసారి మూసుకుపోద్ది.

డ్రెయినుకి వంటింటి సింకు కింద పెట్టే స్టీలు జాలీ కప్లింగు బాగా పనికొస్తుంది. దాని కిందకి మాత్రం మడతలు మడతలుగా ఉండే సింకు పైపు తగిలించకండి, ప్రతి మడతలోనూ రజను కూర్చుంటుంది. నున్నటి 32 మి.మీ. పీవీసీ పైపు, నిలువుగా, వంపుల్లేకుండా.

ట్యాంకుకి రెండు ఖాళీ పెయింటు బకెట్లు చాలు, 20 లీటర్లవి. ఒకటో బకెట్టు కింద రెండు ఇటుకలు పడుకోబెట్టి పేర్చి ఎత్తు మీద పెట్టండి, రెండోది నేల మీద దాని పక్కనే. డ్రెయిను పైపు ఒకటో దాంట్లో పడుతుంది. పడే చోట స్టీలు బియ్యం జల్లెడ, దాని మీద ఒక ముక్క నైలాన్ దోమతెర. ఒకటో బకెట్టు అంచుకి 8 సెం.మీ. కింద రంధ్రం చేసి 1 అంగుళం ట్యాంకు నిపుల్ బిగించండి. గోడ గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలా బయటా మెత్తటి రబ్బరు వాషరు ఉండాలి. బయట నుంచి ఆ పైపు రెండో బకెట్టు నోట్లోకి.

ఇక లోపలి భాగం జాగ్రత్తగా చదవండి. నిపుల్‌కి లోపల వైపు ఒక టీ తగిలించండి. టీ కింది నోటికి 15 సెం.మీ. పైపు ముక్క, అది కిందకి వేలాడుతుంది. పై నోటికి 5 సెం.మీ. ముక్క, దాని మూతి మూయకుండా, మట్టం పైకి కనిపించేలా. ఇలా చేస్తే మట్టం మీద తేలే పాత నూనె (బెడ్డు నుంచి, అంటే టూల్ జరిగే పట్టాల నుంచి, గేర్ల నుంచి కారేది) ఒకటో బకెట్లోనే ఆగిపోద్ది, అడుగున రజను కూర్చుంటుంది, మధ్యలో ఉన్న తేటది మాత్రమే రెండో బకెట్లోకి వెళ్తుంది. టీ బదులు ఎల్బో పెట్టి సరిపెట్టారంటే, పైపు నిండుగా పారినప్పుడు సైఫన్ పట్టుకుని ఒకటో బకెట్టుని సగానికి లాగేస్తుంది. అప్పుడు తేలే నూనె, అడుగు మడ్డి అన్నీ పంపు దగ్గరికే చేరతాయి. పై నోరు తెరిచి ఉంచేది గాలి పీల్చి ఆ సైఫన్ తెగడానికే.

ఒకటో బకెట్లో 15 లీటర్ల దాకా ఎప్పుడూ నిలిచి ఉంటుంది. రెండో దాంట్లో 10 పొయ్యండి. మొత్తం 25. నిమిషానికి 3 లీటర్లు తిరిగితే ఒకటో బకెట్లో కూలెంట్‌కి 5 నిమిషాలు విశ్రాంతి దొరుకుతుంది. ఎంఎస్, ఈఎన్ 8 రజను దిగడానికి అది చాలు. ఆవిరైనా, చిప్స్‌తో పోయినా మట్టం తగ్గేది రెండో బకెట్లోనే, అందుకని దాని గోడ మీద మార్కరుతో గీత పెట్టుకోండి. మెషీను ఆపగానే ట్రేలో, పైపుల్లో ఉన్న రెండు మూడు లీటర్లు దిగొస్తాయి, ఆ మేరకి రెండో బకెట్లో ఖాళీ ఉంచాలి.

పంపు సంగతి. కూలరు పంపు చాలు. 18 వాట్ల దాని మీద 1.85 మీటర్ల హెడ్ (నీళ్ళని ఎత్తగలిగే ఎత్తు) అని రాసుంటుంది. మీ నాజిల్ నేల నుంచి 1.1, 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రెండో బకెట్లో మట్టం 20 సెం.మీ. అంటే ఎత్తుకే 1 మీటరు పోయింది. మిగిలిన దాంతో సన్న పైపులోంచి ధార రాదు, కారుతుంది. 40 వాట్లది, 2.5 నుంచి 3 మీటర్ల హెడ్ ఉన్నది తీసుకోండి. పంపు నుంచి 12 మి.మీ. నైలాన్ అల్లిక ఉన్న హోస్ పైపు, లేత్ వెనక వరకూ అదే సైజు. అక్కడ అర అంగుళం బాల్ వాల్వు. ఆ తర్వాత ఏసీ మెకానిక్కుల దగ్గర దొరికే 6 మి.మీ. రాగి గొట్టం, 25 సెం.మీ. దాటకుండా. చేత్తో ఎటు వంచితే అటు ఉంటుంది. పాత స్పీకరు అయస్కాంతానికి క్లిప్పు వేసి క్రాస్‌స్లైడ్ (టూల్‌ని అడ్డంగా జరిపే భాగం) మీద నిలబెట్టొచ్చు. చక్ దవడలు బయటికి తెరిచినప్పుడు ఎంత దూరం తిరుగుతాయో చూసి, దానికి మరో మూడు వేళ్ళ ఎడం ఉంచండి.

కూలరు పంపుకి ఒక బలహీనత ఉంది. దాని రోటరే ఒక అయస్కాంతం. ఇనప రజను ఒక్క చిటికెడు చేరినా రోటరుకి చుట్టుకుని తిరగడం ఆపేస్తుంది. అందుకే పైన అంత తాపత్రయం. ఒకటో బకెట్లో రెండు స్పీకరు అయస్కాంతాలు మందపాటి పాలిథీన్ కవర్లో పెట్టి తాడుతో వేలాడదీయండి. కవరు తిరగేస్తే రజను మొత్తం రాలిపోద్ది. ఎస్ఎస్ 304కి అయస్కాంతం పెద్దగా పనిచేయదు. కోతకి గట్టిపడిన చిప్స్ కొన్ని అంటుకుంటాయి గానీ దాన్ని నమ్ముకోవద్దు, జల్లెడ, ఒకటో బకెట్టు అడుగున కూర్చోవడం, ఇవే దిక్కు. పంపుకి కూడా ఒక ఎస్ఎస్ మెష్ సంచి తొడగండి.

కలపడం: సోల్యుబుల్ కటింగ్ ఆయిల్ (నీళ్ళలో కలిసే కోత నూనె), సెర్వోకట్ ఎస్ లాంటిది ఏదైనా. ఈఎన్ 8కి 5 శాతం చాలు. మీకు స్టెయిన్‌లెస్ ఎక్కువ కాబట్టి 8 శాతం: 2 లీటర్ల నూనె, 23 లీటర్ల నీళ్ళు. నీళ్ళు ముందు పోసి, కర్రతో తిప్పుతూ నూనెని సన్న ధారగా పొయ్యాలి. తిరగేసి నూనెలో నీళ్ళు పోస్తే జిగట ముద్దలు కడుతుంది, ఎంత తిప్పినా కరగదు. ఏ నీళ్ళన్నది నరసాపురం వాళ్ళు నాకంటే బాగా చెప్తారు.

నరసాపురం_ఫిట్టర్:

టీడీఎస్ 2,100 ఉన్న బోరు నీళ్ళు ఒక్క గ్లాసు కూడా వద్దండి. సముద్రం వైపు మన బోర్లలో రెండు చెడుగులు కలిసి ఉంటాయి. ఒకటి కాల్షియం, మెగ్నీషియం. అవి నూనెని నీళ్ళలో కలిపి ఉంచే సబ్బుతో కలిసి తెట్టుగా పైకి వస్తాయి, కూలెంట్ పాలు విరిగినట్టు విరిగిపోద్ది. రెండోది క్లోరైడు. కూలెంట్ విరక్కపోయినా సరే, బెడ్డు మీదా చక్ మీదా తుప్పు తెచ్చేది ఇదే. మెషీను కింద కూలెంట్ ఎండిన చోట చారలుగా మొదలవుతుంది.

ఏ నీళ్ళైనా ముందు సీసాలో పరీక్ష పెట్టుకోండి. లీటరు తెల్ల సీసాలో 950 మి.లీ. నీళ్ళు, 50 మి.లీ. నూనె, కలిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నకి పైన పసుపు నూనె గానీ తెల్లటి తెట్టు గానీ ఉంగరంలా కడితే ఆ నీళ్ళు పనికిరావు. తుప్పు పరీక్ష కూడా తేలికే. శుభ్రమైన పొడి కాస్ట్ ఐరన్ చిప్స్ ఒక చెంచాడు కాఫీ ఫిల్టరు కాగితం మీద పరిచి, తడిసేలా కూలెంట్ పోసి, పళ్ళెం మూత పెట్టి రెండు గంటలు వదిలెయ్యండి. చిప్స్ కడిగేసి కాగితం చూడండి. గోధుమ రంగు మచ్చలు పడితే నూనె శాతం తక్కువైనట్టు, లేదా నీళ్ళలో ఉప్పు ఎక్కువైనట్టు. చిప్స్‌కి నూనె అంటి ఉంటే ఈ పరీక్ష అబద్ధం చెప్తుంది, అందుకని అవి పొడిగా కోసినవే అయ్యుండాలి.

ఊళ్ళో వాటర్ ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల టిన్ను తీసుకోండి, 25 లీటర్ల కూలెంట్‌కి అదీ మరో మూడు లీటర్లూ అంతే. ఇంట్లో ఆర్వో ఉంటే తాగే వైపు నీళ్ళు వాడాలి గానీ, పారబోసే వైపువి కాదు. వాటిలో మీ బోరు ఉప్పే మరింత చిక్కగా ఉంటుంది. మరీ మెత్తటి నీళ్ళైతే ధార పడే చోట నురగ వస్తుంది. నురగ బకెట్టు దాటి పొంగుతుంటే పది లీటర్లకి ఒక లీటరు మామూలు మంచినీళ్ళు కలిపి చూడండి, తగ్గిపోద్ది. వానాకాలంలో డాబా మీద మొదటి వాన వదిలేసి తర్వాత పట్టిన నీళ్ళు ఇంకా మంచివి.

కాలవ నీళ్ళ గురించి కూడా చెప్పాలి, మన దగ్గర చాలామంది అవే వాడతారు. ధవళేశ్వరం నుంచి వచ్చే గోదావరి నీళ్ళలో ఉప్పు తక్కువే, ఆ రకంగా ఫరవాలేదు. కానీ వరద నెలల్లో ఎర్ర మట్టి, ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు మడుగుల్లో మిగిలినవి మురికి. ఇంట్లో చేసినట్టు పటిక తిప్పి తేర్చి మాత్రం వాడకండి. పటికలో ఉండే అల్యూమినియం ఉప్పు నూనె ఎమల్షన్‌ని (నీళ్ళలో సన్నగా కలిసిన నూనెని) విరగ్గొడుతుంది. ఫ్యాక్టరీల్లో పాత కూలెంట్ నుంచి నూనె విడదీయడానికి దాన్నే వాడతారు. రెండు రోజులు డ్రమ్ములో నిలవబెట్టి, పైన తేరుకున్నవి గుడ్డలో వడగట్టుకుంటే సరిపోతుంది.

రావులపాలెం_వైండింగ్:

తణుకు గారు చెప్పిన ట్యాంకు బాగుంది, పంపు విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. కూలరు పంపు 230 వోల్టులు కూలెంట్‌లో మునిగి ఉంటుంది. దాని సీలు వట్టి నీళ్ళ కోసం చేసింది. నూనె, క్షారం కలిసిన ద్రవంలో కేబులు లోపలికి వెళ్ళే చోట రబ్బరు గట్టిపడి పగిలితే కరెంటు కూలెంట్‌లోకి, దాన్నుంచి ధార పడే మెషీనులోకి, దాన్నుంచి హ్యాండిల్ పట్టుకున్న చేతికి. షెడ్డులో తడి నేల.

బ్యాటరీ స్ప్రేయర్లలో వచ్చే 12 వోల్టుల డయాఫ్రం పంపు చూడండి. పురుగుమందుల షాపుల్లో విడిగా దొరుకుతుంది, నిమిషానికి 3 నుంచి 4 లీటర్లు. 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 12 వోల్టులకి మార్చే పెట్టె) చాలు. ట్యాంకు బయటే బిగిస్తాం, ద్రవంలో కరెంటు ఉండదు. కొనేటప్పుడు డయాఫ్రం రబ్బరు అడగండి. ఈపీడీఎం అయితే మినరల్ ఆయిల్‌కి ఉబ్బిపోతుంది, నైట్రైల్ లేదా వైటాన్ కావాలి. దీనికి వాల్వు బిగించే పద్ధతి వేరు. నాజిల్ వైపు వాల్వు కట్టేస్తే ప్రెషరు పెరిగి స్విచ్చి పడుతుంది, మళ్ళీ పైకొస్తుంది, టకటకా కొట్టుకుంటూ ఉంటుంది, ధార తెగిపోతుంది. పంపు తర్వాత టీ పెట్టి ఒక కొమ్మని బకెట్లోకి తిప్పేసి, ఆ కొమ్మకే వాల్వు పెట్టండి. అది తెరిస్తే నాజిల్‌కి తగ్గుతుంది, మూస్తే పెరుగుతుంది. పీల్చే వైపు 80 మెష్ ఫిల్టరు తప్పనిసరి. లోపలి రబ్బరు వాల్వుల కింద ఒక్క రేణువు ఇరుక్కున్నా పంపు తిరుగుతుంది గానీ ద్రవం రాదు.

తణుకు_టర్నర్:

కరెంటు విషయంలో మీరన్నది నిజమే, ఆ ముక్క నేను ముందే రాసి ఉండాల్సింది, కాదనలేను. కూలరు పంపు పెట్టేవాళ్ళు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్టేసే స్విచ్చి) లేకుండా పెట్టొద్దు. లేత్ బాడీకి ఎర్తు తీగ కూడా విడిగా ఉండాలి. ఇంట్లో ఇప్పటికే ఆర్‌సీసీబీ ఉండి, షెడ్డు లైను దాని కిందకి వస్తుంటే కూలరు పంపు తీసుకోండి. లేకపోతే ఆ ఖర్చుతో స్ప్రేయరు పంపే మేలు. డయాఫ్రం పంపు గంటల తరబడి ఆపకుండా తిప్పితే వేడెక్కుతుంది. పాస్‌కీ పాస్‌కీ మధ్య ఆపుతూ వాడండి.

పాలకొల్లు_షెడ్:

చాలా థాంక్సండి అందరికీ. షెడ్డు లైనుకి ఆర్‌సీసీబీ లేదు, స్ప్రేయరు పంపే పెడతాను. మూడు సందేహాలు. లేత్‌కి డీఓఎల్ స్టార్టరు (మోటారుని ఆన్ చేసే పెట్టె) ఉంది, పంపుని దాంతోపాటే ఆన్ అయ్యేలా కలపొచ్చా? కంపు రాకుండా కొంచెం ఫార్మలిన్ గానీ బ్లీచింగ్ గానీ వెయ్యమంటున్నారు, చెరువుల షాపులో రెండూ దొరుకుతాయి. శాతం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మీటరు ఖరీదెక్కువ, వేరే దారి ఉందా?

రావులపాలెం_వైండింగ్:

కలపొచ్చు, కలపాలి కూడా. ఎస్ఎంపీఎస్‌కి వెళ్ళే లైను స్టార్టరు కాంటాక్టరు తర్వాత మోటారు వైపు నుంచి తీసుకోండి, మధ్యలో చిన్న స్విచ్చి ఒకటి పెట్టుకుంటే గన్‌మెటల్ పొడిగా తిప్పేటప్పుడు పంపు ఆపుకోవచ్చు. విడి ప్లగ్గులో పెడితే ఏమవుతుందంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు స్టార్టరు పడిపోయి లేత్ ఆగే ఉంటుంది, పంపు మాత్రం దానంతట అదే మొదలవుతుంది. మనిషి లేనప్పుడు ఆగిన చక్ మీద ధార పడుతూ హెడ్‌స్టాక్ బేరింగుల దాకా పోతుంది. ఎస్ఎంపీఎస్‌ని ట్రే కన్నా ఎత్తులో గోడకి బిగించి, వైర్లు కిందకి ఒక వంపు తిరిగి దాంట్లోకి వెళ్ళేలా చూడండి. తీగ వెంట కారే బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

భీమవరం_మెయింటెనెన్స్:

ఫార్మలిన్ వద్దండి. అది క్యాన్సర్ కారకం, ఆ షెడ్డులో పొద్దంతా మీరే పీల్చాలి. బ్లీచింగ్ పౌడరులో కాల్షియం, క్లోరిన్ రెండూ ఉంటాయి. నరసాపురం గారు ఏ రెండింటి గురించి భయపెట్టారో సరిగ్గా అవే చేత్తో తెచ్చి పోసినట్టు.

కంపు ఎందుకొస్తుందో చూస్తే మందు దానంతట అదే తెలుస్తుంది. మెషీను ఆగి ఉన్నప్పుడు పైన తేలిన పాత నూనె మూతలా పరుచుకుని గాలి లోపలికి వెళ్ళనివ్వదు. గాలి లేని చోట పెరిగే బాక్టీరియా కుళ్ళిన గుడ్డు వాసన గ్యాసు వదులుతుంది, కూలెంట్ పీహెచ్‌ని కిందకి లాగుతుంది. సోమవారం పొద్దున్న షెడ్డు తలుపు తియ్యగానే వాసన కొట్టేది అందుకే. కాబట్టి రెండు పనులు. ఒకటో బకెట్లో తేలిన నూనెని వారానికోసారి పాత కాటన్ గుడ్డతో గానీ గరిటెతో గానీ తియ్యండి. లేత్ ఖాళీగా ఉండే రోజుల్లో చేపల తొట్టెల్లో పెట్టే చిన్న గాలి పంపు, ఒక ఎయిర్ స్టోన్ రెండో బకెట్లో వదిలెయ్యండి. మన దగ్గర ప్రతి ఆక్వా షాపులోనూ ఉంటాయి. పెద్ద బుడగలు అక్కర్లేదు, పైన నీళ్ళు కదిలితే చాలు. గుట్కా, టీ చుక్కలు, చెయ్యి కడిగిన నీళ్ళు ట్రేలో పడనివ్వకండి.

పీహెచ్ చూసుకుంటూ ఉండాలి. కొత్తగా కలిపిన కూలెంట్ 9 చుట్టూ ఉంటుంది. 8.5 కిందకి దిగితే బాక్టీరియా పట్టినట్టే, 8 దిగితే తుప్పు మొదలవుతుంది, పారబోసే వేళయింది. చెరువుల వాళ్ళు వాడే చుక్కల కిట్టు దీనికి పనికిరాదు, తెల్లటి ద్రవంలో రంగు కనిపించదు. పెన్ను మీటరో, కాగితం స్ట్రిప్పో వాడండి. తేలిన నూనె తీసి, గాలి పెట్టాక కూడా 8.5 దగ్గరే ఆగిపోతే 25 లీటర్లకి 10 నుంచి 15 గ్రాముల వాషింగ్ సోడా వేడి నీళ్ళలో కరిగించి కలపొచ్చు. అంతకు మించితే చేతుల చర్మం పగులుతుంది.

శాతం కొలవడానికి మంచి దారి ఉంది. మన చుట్టుపక్కల రొయ్యల రైతుల దగ్గర సెలైనిటీ రిఫ్రాక్టోమీటరు ఉంటుంది, 0 నుంచి 100 గీతలది. అది ఉప్పుని కొలవదు, ద్రవంలో వెలుతురు ఎంత వంగుతుందో కొలుస్తుంది, నూనె ఎమల్షన్‌కి కూడా గీత చూపిస్తుంది. ఆ అంకె శాతం కాదు కాబట్టి మీరే పట్టీ తయారు చేసుకోవాలి. ఇంజక్షన్ సిరంజితో కొలిచి 3, 5, 8, 10 మి.లీ. నూనెని ఒక్కో దాంట్లో మొత్తం 100 మి.లీ. అయ్యేలా మీరు వాడే నీళ్ళతోనే కలపండి. ఒక్కో చుక్క అద్దం మీద వేసి గీత ఎక్కడ ఉందో రాసుకుని ఆ కాగితాన్ని గోడకి అంటించండి. నూనె కంపెనీ మారితే మళ్ళీ చెయ్యాలి. ముందు వట్టి నీళ్ళతో సున్నా సరిచూసుకోండి, లేదంటే నీళ్ళలో ఉన్న ఉప్పు నూనెలా కనిపించి మోసం చేస్తుంది. గీత మసగ్గా అలుక్కుపోయినట్టు కనిపిస్తే చుక్కలో తేలిన నూనె ఉందన్నమాట, రెండో బకెట్టు మధ్యలోంచి మళ్ళీ తీసుకోండి. పని అయ్యాక అద్దం కడిగి ఇవ్వండి, రైతు మళ్ళీ ఇస్తాడు.

ఎండాకాలం నీళ్ళే ఎగిరిపోతాయి, నూనె మిగిలిపోతుంది, శాతం పెరుగుతుంది. తరిగినప్పుడల్లా 8 శాతమే కలిపి పోస్తూ ఉంటే పన్నెండు, పదిహేనుకి చేరి చేతులకి దురద, పొగ. గీత చూసి 2 శాతం కలిపిందే పొయ్యండి.

తణుకు_టర్నర్:

ఇంక కోత సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. 304ని కూలెంట్ ఒక్కటే కాపాడదు. హెచ్ఎస్ఎస్‌తో నిమిషానికి 18 మీటర్లు అనుకుంటే 30 మి.మీ. షాఫ్టుకి 190 తిరుగుళ్ళు, మీ బెల్టు పుల్లీలో దానికి దగ్గరగా కింద ఉన్న మెట్టు పట్టుకోండి. ఫీడు (ఒక తిరుగుడుకి టూల్ జరిగే దూరం) 0.1 మి.మీ. కన్నా తగ్గించకండి. సన్నగా రాసుకుంటూ పోతే పై పొర గట్టిపడి తర్వాతి పాస్‌లో టూల్ మొన దాని మీదే కాలిపోతుంది. ధార టూల్ మొనకీ చిప్‌కీ మధ్య పడాలి, చిప్ వీపు మీద పడితే వృథా. డ్రిల్లు బిగుసుకోవడానికి కారణం చిప్స్ బయటికొస్తూ కూలెంట్‌ని లోపలికి పోనివ్వకపోవడం. 12 మి.మీ. లోతుకోసారి డ్రిల్లు పూర్తిగా బయటికి లాగి, రంధ్రంలోకి నేరుగా ధార కొట్టి, ఆగకుండా మళ్ళీ దించండి. లోపల ఊరికే తిరగనిస్తే అడుగు గట్టిపడి ఇంక దిగదు.

కార్బైడ్ ఇన్సర్టు పెట్టిన రోజు ధార నిండుగా, తెగకుండా ఉండాలి, లేదంటే అసలు పొడిగానే కోయండి. వేడెక్కిన కార్బైడ్ మీద అప్పుడో చుక్క ఇప్పుడో చుక్క పడితే అంచుకి అడ్డంగా సన్న పగుళ్ళు వస్తాయి. కాస్ట్ ఐరన్, గన్‌మెటల్ పొడిగానే. కాస్ట్ ఐరన్ పొడి కూలెంట్‌లో కలిస్తే బురదై ఏ జల్లెడా ఆపలేదు. త్రెడ్డింగుకి పంపు ఆపేసి బ్రష్‌తో చిక్కటి సల్ఫర్ కటింగ్ ఆయిలే రాయండి, ఆ నెమ్మది స్పీడులో చల్లదనం కన్నా జారుడు ముఖ్యం.

పొద్దుగూకి ఆపేటప్పుడు సాడిల్‌ని (బెడ్డు మీద టూల్‌ని మోస్తూ జరిగే భాగాన్ని) టెయిల్‌స్టాక్ వైపుకి తోసి, దాని కింద ఉన్న బెడ్డు తుడిచి, 68 గ్రేడు స్లైడ్‌వే ఆయిల్ రాయండి. కూలెంట్ సాడిల్ కిందకి దూరి అక్కడి నూనెని కడిగేస్తుంది, మన గాలిలో తేమకి తెల్లారేసరికి ఆ చోటే తుప్పు పడుతుంది. సాడిల్ రెండు కొసలకీ ఉన్న ఫెల్టు ముక్కలు గట్టిపడి ఉంటే మార్చండి.

పాలకొల్లు_షెడ్:

అర్థమైందండి. చివరిగా, పాడైపోయిన కూలెంట్ ఎక్కడ పొయ్యాలి? షెడ్డు వెనకే పంట బోదె ఉంది, అది పోయి మురుగుకాలవలో కలుస్తుంది.

భీమవరం_మెయింటెనెన్స్:

బోదెలో చుక్క కూడా పొయ్యకండి. ఆ నీళ్ళే ఎవరో ఒకరు చెరువుకి తోడుకుంటారు. నూనె పొర చెరువు మీద పరుచుకుంటే కిందకి గాలి అందదు, రొయ్యకి రాత్రిపూట ఆక్సిజన్ అసలే తక్కువ. వాడేసిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకి కూడా వస్తుంది.

ఇక్కడ పటిక మీకు పనికొస్తుంది. ముందు లీటరు సీసాలో పాత కూలెంట్ పోసి 5 గ్రాముల పటిక పొడి కరిగించి ఒక రాత్రి ఉంచండి. విరక్కపోతే మరో 5 గ్రాములు. ఎంతకి విరిగిందో ఆ లెక్కన మొత్తానికి వెయ్యండి. పైన గోధుమ రంగు నూనె, కింద మసక నీళ్ళు విడిపోతాయి. నూనె గరిటెతో తీసి డబ్బాలో పోసుకుని, పాత ఇంజన్ ఆయిల్ కొనేవాళ్ళలో లైసెన్సు ఉన్నవాళ్ళకి దాంతోపాటే ఇచ్చెయ్యండి. కింది నీళ్ళు కూడా శుభ్రమైనవి కావు, కరిగిన లోహాలు, మందులు అందులోనే ఉంటాయి. వెడల్పాటి డ్రమ్ములో పోసి రేకు కప్పు కింద, వాన తగలకుండా ఎండనివ్వండి. అడుగున మిగిలిన బురదలో రైసుమిల్లు ఊక కలిపితే పీల్చేసుకుంటుంది. ఆ ఊకని సంచిలో కట్టి నూనె డబ్బాతోపాటే పంపండి, పొయ్యిలో మాత్రం వెయ్యొద్దు. బకెట్లు వాషింగ్ సోడా వేడి నీళ్ళతో కడిగి, టీ పైపు విప్పి లోపలి జిగురు బ్రష్‌తో గీకాకే కొత్తది కలపండి. ఆ జిగురులోనే బాక్టీరియా ఉంటుంది, అది వదిలేస్తే కొత్త కూలెంట్ వారంలోనే పాతదైపోతుంది.